కొండ మీది ఎర్ర గీత

చుక్క కదలడం లేదు.

శ్రీకాంత్ ఎండకు చేయి అడ్డం పెట్టి ఫోను మళ్లీ చూశాడు. తెర మీది కొండ పటంలో ఎర్ర గీత. గీత సగంలో నీలం చుక్క. ఆ చుక్క అతని భార్య మౌనిక.

నలభై నిమిషాలుగా అక్కడే ఉంది.

సెలవు దొరికితే ఇద్దరికీ కొండలెక్కడమే పని. నడిచేవాళ్లు తమ దారులను ఫోనులోని ఒక యాప్‌లో పంచుకుంటారు. అవన్నీ కలిసి గీతలవుతాయి. ఎంత ఎక్కువసార్లు నడిస్తే గీత అంత ఎర్రనవుతుంది. గుమ్మఘట్ట దాటాక ఈ గీతను చూసే ఇద్దరూ కొండెక్కడం మొదలుపెట్టారు.

కాస్త ఎక్కగానే అతనికి ఆఫీసు నుంచి ఫోను. పైకి పోతే సిగ్నలు ఉండదని ఆగిపోయాడు.

"నువ్వు నడుస్తాండు. గీత మీదే పో."

"దావకు అడ్డంగా ముళ్లకంప వేసినారు."

"గొర్రెలోళ్లు వేసింటారు. పక్కకు లాగి పో. వందలమంది నడిచినారు ఈడ, ఎంత ఎర్రగుండాదో చూడు."

ఆమె కంపను లాగి పారేసి పోయింది.

ఇప్పుడు ఫోను చేస్తే మోగడం లేదు. నీళ్ల సీసా తన చేతిలోనే ఉండిపోయిందని అప్పుడు గమనించాడు. ఇక నిలవలేకపోయాడు.

పరుగులాంటి నడకతో దారిలోని పెద్ద గుండు రాయి దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలామె గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఎదురైంది.

"యాడికప్పా అంత బిరబిరా? పైన దావ లేదు. మొన్నటి వానకు గట్టు జారిపోయినాది. కింద కంప వేసింటి గదా, చూసుకోలేదా?"

"నేను చూడలేదు," అన్నాడు. "నా భార్య పైకి పోయినాది అవ్వా. ఆడే ఉండాది. ఇదో, చుక్క."

ఆమె ఫోను వైపు చూడలేదు. నేల చూస్తోంది. మోపు దించకుండానే రెండడుగులు పక్కకు వేసింది.

"బూటు గుర్తు పైకి పోయినాది, మళ్లా దిగొచ్చినాది. ఇదో, ఈడ వంక పక్కకు మళ్లింది. సుట్టు తిరిగి పోదామనుకునింటాది. రా, పోదాం."

"చుక్క పైన ఉంటే వంకలోకి ఎందుకు పోతుంది?"

"చుక్క సంగతి నాకు తెల్దు నాయనా. బూటు ఈ పక్కకే పోయినాది."

"నీ గడ్డి నువ్వు చూసుకో అవ్వా. ఈడ నా పానం పోతాంది."

ఆమె అతని ముఖం చూసింది. మోపు దించి గుండుకు ఆనించింది.

"ఆ నీళ్లసీసా ఇయ్యి."

"ఇది నా భార్యకు," అని అతను పైకి ఉరికాడు.

వెనక్కి తిరిగి చూస్తే ముసలామె ఎండిన వాగులాంటి ఆ వంకలోకి దిగిపోతోంది.

పైన గట్టు తెగి ఉంది. చుక్క ఉన్నచోట అతని కాళ్లే ఉన్నాయి. మౌనిక లేదు.

తెగినచోట వంగి చూశాడు. కింద రాళ్లు, రేగు పొదలు. పేరుపెట్టి పిలిచాడు. గట్టు చుట్టి అవతలికి పోయి పిలిచాడు. గొంతు పోయేదాకా పిలిచాడు. సిగ్నలు పోయేచోట ఆమె ఆఖరిసారి కనబడిన జాడే ఆ చుక్క అని అతనికి మెల్లగా అర్థమయింది.

ఎంతసేపు తిరిగాడో తెలియదు. ఒక బండ ఎక్కేసరికి ఫోను మోగింది.

"నేను రోడ్డుకాడ ఉండా. నువ్వు యాడికి పోయినావ్?"

అవతలి పక్కనుంచే పడుతూ లేస్తూ దిగాడు.

మౌనిక కారు నీడన కూర్చుని ఉంది. మడమకు పాత చీరపేలిక కట్టి ఉంది.

"వంకలో పడినా. కాలు మడతపడింది. లేవలేకపోయినా. ఒక అవ్వ వచ్చి ఇసుకలో చెలిమ తోడి నీళ్లు తాపింది. సగం దావ వీపున మోసుకొచ్చినాది."

"యాడుండాది ఇప్పుడు?"

"నీ మొగుడు పైన అరుస్తా ఉంటాడు, పోయి చెప్పొస్తా అనింది. కనపడలేదా?"

అతను వెంటనే కొండవైపు తిరిగాడు.

మళ్లీ గుండు దాకా ఎక్కాడు. గడ్డిమోపు అక్కడే ఉంది. అవ్వా అని కేకేశాడు. కొండ బదులు పలికింది, ఆమె పలకలేదు. కింద మౌనిక కాలు బూరెలా ఉబ్బింది. ఆస్పత్రికి పోక తప్పలేదు.

"పొద్దు వాలుతాంది," అంది మౌనిక కారులో. "ఆయమ్మ దిగిందో లేదో."

"పేరన్నా అడిగినావా?"

"బయమ్మ అంట."

గుమ్మఘట్ట చేరేసరికి మౌనిక ఫోను టింగుమంది. ఆమె చూసి ఫోను అతనికిచ్చింది. అతను కారు పక్కకు ఆపాడు.

"ఈరోజు మీతో కలిసి నడిచినవారు: బయమ్మ. నడక పది నిమిషాల కిందట ముగిసింది."

పక్కన ఫోటో. అదే ముఖం. కింద ఎవరో రాసి పెట్టారు: "మా యమ్మ గడ్డికి పోయే దావ ఇది. యాడుండాదో నాకు తెలియాలని వక్కాకు సంచిలో ఫోను పెట్టి పంపుతా. కూతురు గంగాదేవి."

"ఇల్లు చేరినాది," అని మౌనిక ఊపిరి వదిలింది.

శ్రీకాంత్ బయమ్మ ఇవాళ్టి నడక తెరిచాడు. అది వంకలోకి దిగి, రోడ్డు దాకా వచ్చి, మళ్లీ కొండెక్కింది. తెగిన గట్టు దగ్గర మూడుసార్లు చుట్లు తిరిగింది. ఆ తర్వాతే గుండు దగ్గరికి వచ్చి, ఇంటి దారి పట్టింది.

అతని వేలు కొండ మీది ఎర్ర గీతకు తగిలింది. ఆ దారిన ఇంతవరకు నడిచినవారి పేర్లు తెరుచుకున్నాయి.

ఆరువందల నలభై నడకలకూ ఉన్నది ఒకే ఒక్క పేరు, బయమ్మ.