ఏడవడానికో గది

తమ్ముణ్ణి కాటికి సాగనంపాక కూడా లిఖితకు ఇంట్లో ఏడవడం కుదరలేదు. గొంతు వణికితే చాలు, ఇంటర్నెట్‌తో నడిచే గోడలు పసిగట్టి జోలపాట ఎత్తుకునేవి. వెంటనే ఆసుపత్రి నుంచి ఓ గొంతు పలకరించేది. దుఃఖాన్ని జ్వరంలా చూసే ఇళ్ళు అవి.

అందుకే పలాస కమ్యూనిటీ హాలుకు వచ్చింది. ఒకప్పుడు ఇంటర్నెట్ లేనివాళ్ళు అక్కడి కంప్యూటర్ల కోసం వరస కట్టేవారు. ఇప్పుడు ఊరు మొత్తానికి ఇంటర్నెట్ లేని గది అదొక్కటే. ఇప్పుడూ వరసే, ఏడవడానికి మనిషికి పావుగంట.

తన వంతు రాగానే లోపలికెళ్ళి తలుపేసుకుంది. కన్నీళ్ళు రాలేదు. అమ్మావాళ్ళు ఏనాడూ ఒంటరిగా ఏడవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళ మెడ పట్టుకుని, పోయినవాళ్ళ మంచితనం చెప్పుకుంటూ ఏడ్చేవారు.

లిఖిత తలుపు తీసింది. వరసలో ముందున్న పెద్దామెను అడిగింది.

"నీకెవులు పోనారప్పా?"

"నా కూతురమ్మా."

"నాకు తమ్ముడు. నోపలికి రా అప్పా, కలిసి ఏడుద్దుం."

ఈసారి తలుపు వేయలేదు. పెద్దామె లిఖిత మెడ చుట్టూ చేతులు వేసి, "అయ్యో నా తల్లీ!" అంటూ రాగం ఎత్తుకుంది. ఆ ఏడుపు వరస పొడుగునా వినిపించింది.

కాసేపటికి బయట వరసలో ఎవరూ లేరు, అందరూ లోపలే.