చేతికింత, కాలికింత

"చేతికింత, కాలికింత, ప్రాణానికింత అని రేటు కట్టేదానికి నువ్వెవురప్పా? నా మొగుడేమన్నా అంగట్లో వేలాడేసిన మేకనా?"

దారం కండెలు చుట్టే రాట్నం వదిలేసి, గౌరమ్మ విసురుగా నడవలోకి వచ్చి నిలబడింది. చాప మీద కాయితాలు పరుచుకుని కూర్చున్న ఇన్సూరెన్సు ఏజెంటు వెంకటరాయప్ప గబుక్కున కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఆ మనిషి ఎవరి జోలికీ పోయేవాడు కాదు. అయినా ఆ పొద్దు ఆవిడ కంటికి యముడి కచేరీలో గుమాస్తాలా కనబడ్డాడు.

"నువ్వు లోపలికి పో," అన్నాడు ఆమె మొగుడు ఆదినారాయణప్ప.

"పోను. సాయంత్రం రైలెక్కే మనిషి పొద్దున్నే సావు మాట ఎత్తుతారా? బుద్ధుండాదా మీకు?"

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా బెంగళూరు అంగళ్లలో జరీ దొరకడం లేదు. కబ్బన్‌పేటలో ఆదినారాయణప్ప మగ్గాలు సగం మూలబడ్డాయి. ఇక లాభం లేదని తనే సూరత్ వెళ్లి జరీ తెచ్చుకుందామని బయల్దేరాడు. పోయి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఏ రైల్లో నిలబడి పోవాలో తెలియదు. ఆ సంగతి చెవిన పడగానే వెంకటరాయప్ప, రైలు ప్రయాణం మటుకే చేసే, చెయ్యో కాలో ప్రాణమో పోతే ఇంతని డబ్బిచ్చే ఇన్సూరెన్సు ఉందంటూ వాలిపోయాడు.

"వదినా, కోపం చేసుకోవద్దు. పోయిన నెల రైలు పట్టాలు తప్పిందని పేపర్లో ఏసినారు కదా? అట్లాంటిది ఏదన్నా..."

"నోరు ముయ్యప్పా! నీ నోట్లో మన్ను బడ! నా పుస్తెల మీద పందెం కాసేదానికి మా ఇల్లే దొరికిందా నీకు? లే. లేచి పో!"

వెంకటరాయప్ప నిజంగానే లేవబోయాడు. ఆదినారాయణప్ప అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆయనకూ ఒళ్లు మండిపోయింది. పరాయి మగవాడి ముందు పెళ్లాం ఇంత గొంతు చేసుకుంటుందా?

"ఎవురి కోసమే ఇదంతా? నా కోసమా? నేను పోయినాక తిరిగొచ్చి ఆ దుడ్డు తింటానా? నీ కోసమే కదా, తిక్కదానా!"

"నాకొద్దు. మీరు లేని దుడ్డు నాకెందుకు? కాల్చేదానికా?"

"ఎందుకా? ఎదురింట్లో సొన్నమ్మను చూస్తా ఉండావు కదా, ఆయమ్మనడుగు చెప్తుంది!"

గౌరమ్మ చూపు వాకిలి దాటి ఎదురింటి మీద పడింది.

సొన్నమ్మ మొగుడు చీరలమ్మడానికి మదరాసు వెళ్లి, దారిలోనే పోయాడు. అప్పటినుంచి ఆమె మరిది ఇంట్లోనే ఉంటోంది. పొద్దు పొడవకముందే రాట్నం ముందు కూర్చుంటుంది. మరిది పెళ్లాం పిలిస్తే తప్ప లేవదు. ఇంట్లో అందరూ తిన్నాక కూటి కోసం తట్ట పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడుతుంది. మొన్నొకరోజు వీళ్ల గోడ పక్కకొచ్చి నిలబడి, "ఉంటే రవ్వంత ఊరగాయ పెట్టు గౌరీ, వట్టి సంగటి గొంతు దిగలే," అని గుసగుసగా అడిగింది. ఆ మాట తలుచుకుంటే గౌరమ్మకు ఇప్పటికీ ఆ మరిదిని చెంపలు వాయించాలనిపిస్తుంది.

"మనకు బిడ్డా పాపా లేదు," ఆదినారాయణప్ప గొంతు కాస్త తగ్గింది. "నాకేమన్నా అయితే నువ్వూ అట్లా ఒకరి వాకిట్లో తట్ట పట్టుకోని నిలబడాల్నా? చెప్పు! ఆమాత్రం ఆలోచన చేస్తే నన్ను తిడతావా?"

గౌరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు. కానీ అది ఎటు తిప్పాలో తెలియలేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి పగలంతా కండెలు చుట్టడమే తప్ప, తన సంగతి ఆయన ఒక్క పూటైనా ఆలోచించాడని ఆమె అనుకోలేదు. ఈ మనిషి లోపల ఇంత ఉందా? ఇంత ఉన్నవాణ్ణి పట్టుకుని నోటికొచ్చినట్టు అరిచిందే తను! సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

లోపలికి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. వెంకటరాయప్ప ముందు వేడి కాఫీ లోటా పెట్టింది. పసుపు గిన్నె తెచ్చి, కాయితానికి నాలుగు మూలలా తనే పసుపు రాసింది.

"రాసుకో అప్పా," అంది. "ఈ కాయితం పెట్టెలోనే చెదలు పట్టి పోవాల. మా ఇంటాయన జరీ మూటతో సుఖంగా తిరిగి రావాల. అంతే."

"అట్లే అవుతుంది వదినా. ఆ దేవుడుండాడు."

ఆదినారాయణప్ప మీసం సవరించుకున్నాడు. "చూస్తివా వెంకటరాయప్పా? మెల్లగా చెప్తే ఎట్లాంటోళ్లైనా వింటారు."

ఏజెంటు నవ్వి కలం తీశాడు. ఊరు, పేరు, వయసు, రైలెక్కే తేదీ గబగబా రాసేసుకున్నాడు. గౌరమ్మ గోడకు ఆనుకుని, ఆ రాత ఏదో దేవుడి రాతే అన్నట్టు చూస్తూ నిలబడింది.

"అయిపోయిందన్నా. దుడ్డు చేరాల్సినోళ్ల పేరు ఒకటే బాకీ ఉండాది. వదిన పేరు గౌరమ్మే కదా?"

"ఆడదాని పేరిట దుడ్డు రాస్తారేమప్పా ఎక్కడన్నా?" పకపకా నవ్వాడు ఆదినారాయణప్ప. "మా తమ్ముడు గోపాలప్ప పేరు రాయి. దీనికింత కూడు వాడు పెట్టకపోతాడా?"