బుర్ర వేరు, గొంతు వేరు

కంట్రోల్ రూమ్ తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టిందెవరు? ఆ స్టూడియోలో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

సౌండ్ ఇంజినీరుగా ఆమెకు అక్కడ అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం రైలెక్కి, మర్నాడు మరో ఊళ్లో ఉద్యోగంలో చేరాలి. పొద్దున మైకు ఆన్ చేసి, అద్దం అవతల హాల్లో ఉన్న వాద్యకారులతో మాట్లాడుతుండగా ముసలి డిజిటల్ మిక్సర్ తెర నల్లబడింది. దాని మీటల దీపాలన్నీ ఆరిపోయాయి.

"దాని కంప్యూటర్ మళ్లీ మొండికేసింది. ఈ ఒక్కసారికి చూసి పోక్కా," అన్నాడు స్టూడియో నడిపే తమ్ముడు. "దీనికి కంప్యూటరనే బుర్ర వేరు, శబ్దం పంపే గొంతు వేరు అనేదానివిగా. అచ్చం మన బాబాయే! బుర్ర ఆగినా గొంతు ఆగదు."

నవ్వుతూ వెళ్లాడు. తలుపు మూసుకుంది.

మిక్సర్ లోపల చూసేందుకు టార్చి కోసం లేచి ఆమె తలుపు తోసింది. కదలలేదు. ఫోను, నియమం ప్రకారం, బయట బుట్టలో ఉంది. గోడలు శబ్దాన్ని మింగే గోడలు. మైకు మీట నొక్కింది. దీపం వెలగలేదు. ఈసారి గొంతు కూడా పోయిందనుకుంది.

అద్దం మీద బాదింది. "ఒరేయ్, తలుపు తియ్యరా! రైలు పోతుంది!"

అద్దం అవతల హాల్లో తమ్ముడు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. వినపడటం లేదన్నట్టు తలూపి, మిక్సర్ వైపు వేలు చూపించాడు.

"చెవిటి మాలోకం!"

అవతల వయొలిన్ వాయించే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఎవరో జోకు వేసి ఉంటారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

బయటపడాలంటే వినపడాలి. వినపడాలంటే ఇది లేవాలి. మూత విప్పింది. ఫ్యాన్‌లో దుమ్ము ఊదింది. మెమరీ కార్డు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చింది. తెర మీద అక్షరాలు సగం వచ్చి ఆగాయి. మళ్లీ విప్పింది. నాణెమంత బ్యాటరీ మార్చింది. గోడ గడియారం రైలు వేళను నిదానంగా దాటేసింది.

అప్పుడు తెర వెలిగింది. ఆమె మైకు మీట మీదికి వేలు చాచింది.

వేలు తాకకముందే దాని ఎర్రదీపం వెలిగింది, పొద్దున తాను ఆన్ చేసిన మైకు ఒక్క క్షణమైనా ఆగలేదు, తన అరుపులన్నీ హాల్లో వినపడుతూనే ఉన్నాయి, కనుక గొళ్లెం పెట్టిందెవరో ఇక మీరు చెప్పండి.