కమాను కింద మనిషి

"కమాను కింది ఊతలు తీయించండి మామయ్యా. సాయంత్రానికి పెద్దలొచ్చేస్తారు," అన్నాడు అల్లుడు.

"సున్నం ఇంకా పచ్చిగానే ఉంది అల్లుడుగారూ. పది రోజులు ఆగండి," అన్నాడు మేస్త్రీ.

పార్కు వాకిట్లో మేడంత ఎత్తున లేచిన ఆ శిల్పం అల్లుడి ఊహ, మామ చేతిపని. అడుగున ఏనుగు కాళ్లలాంటి రాతి స్తంభాలు, వాటిమీద మొనదేలిన ఇటుక కమాను, నెత్తిన ఉల్లిగడ్డలాంటి గుమ్మటం. మూడు దేశాల కట్టడాలను ఒక్కటి చేశానంటాడు అల్లుడు. ముగ్గురు తోడికోడళ్లను ఒకే వంటింట్లోకి తోసినట్టుందంటాడు మామ. అయినా ఆయన కట్టిన గోడను కదపాలంటే భూకంపం కూడా ముందు తలుపు తట్టి అడగాల్సిందే!

"పది రోజులా? కార్డులు పంచేశాం," అన్నాడు పార్కు చైర్మన్. "ఊతలు ఎలాగూ ఇవాళే తీస్తాం, జనం దీని కిందనుంచే లోపలికి నడుస్తారు. కట్టినవాడు కింద నిలబడితేనే ఊతలు లాగాలని మీ మేస్త్రీల కట్టుబాటటగా? కానివ్వండి. ఆ రాతి పలకమీద కట్టినవాడిగా పేరున్నవాడు రావాలి."

పలకమీద ఉన్నది అల్లుడి పేరు. అతని మొహాన నెత్తురు చుక్క లేదు. అయినా ఒక అడుగు ముందుకేశాడు. నిండు నెలల భార్య అతని చొక్కా పట్టుకుంది. "నాన్నా, నువ్వైనా చెప్పు!"

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అదెలా కుదురుతుందమ్మా? ఇటుకలు పేర్చింది నేను, పేరు మీ ఆయనదా? ముప్పై ఏళ్లుగా కడుతున్నా, ఒక్క గోడమీదా నా పేరు లేదు. పలకమీద నా పేరెక్కితే నేను నిలబడతా."

"ముసలాడికి పేరు పిచ్చి పట్టిందిరోయ్!" అన్నారు కూలీలు.

"కాటికి కాళ్లు చాపాక కీర్తి కావాల్సొచ్చిందా మామయ్యా?" అన్నాడు అల్లుడు, గొంతులో ఊరట దాచుకోలేక.

"చాపిన కాళ్లేగా, నిలబెడితే పోయేదేముంది?"

పలకను తిరగేసి, వెనకవైపు తనే ఉలితో చెక్కాడు. గంట పట్టింది. ఎవర్నీ దగ్గరకి రానివ్వలేదు. పైన గోనె కప్పి, "ఊతలన్నీ తీశాకే ముసుగు తీయండి," అన్నాడు.

"వద్దు నాన్నా," అంది కూతురు.

ఆమె తల నిమిరాడు. "మీ ఆయన్ని దూరంగా తీసుకెళ్లు తల్లీ. దుమ్ము లేస్తుంది."

వెళ్లి కమాను నడుమ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి ఊత లాగారు. రెండోది లాగారు. మూడోది జారగానే గుమ్మటం పెద్దగా మూలిగింది.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. కూలీలు రాళ్లు తోడుతున్నారు. చైర్మన్ గేటుకు తాళం వేయించాడు. కూతురు పాక్కుంటూ వెళ్లి పలకమీది గోనె లాగింది.

తండ్రి పేరు కింద ఆయన పుట్టిన తేదీ, దాని పక్కనే ఆ రోజు తేదీ చెక్కి ఉన్నాయి.