నిప్పుసారు అద్దె ఇల్లు

నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయాలని కుర్ర యజమాని నెమ్మదిగా చెప్పాడు. ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు తనే తీసుకెళ్లి వంటింటి గట్టు మీద పెట్టి మరీ వెళ్లాడు. మర్యాదస్తుడే. అదే వచ్చిన చిక్కు. కాస్త నోరు పారేసుకుని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనడానికైనా వీలుండేది.

నిప్పుసారు కుర్చీలోంచి లేవలేదు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగులు ఏటా తమ ఆస్తులెంతో రాసి ప్రకటించాలి కదా, ఆ ప్రకటనలను తనిఖీ చేసే ఆఫీసుకు చాలాకాలం ఆయనే పెద్ద. అంతకుముందు అక్కడికి వచ్చిన కాగితాలు వచ్చినట్టే అటకెక్కేవి. ఆయన వచ్చాక దుమ్ము దులిపాడు. తోట బావమరిదిది, మేడ అత్తగారిది అంటే కుదరదు, చుట్టాల ఆస్తులు కూడా రాయాల్సిందేనని రూలు తెచ్చాడు. చాలామంది పెద్దమనుషులకు కంటిమీద కునుకు లేకుండా చేశాడు. ఇక ఆయన సొంత ప్రకటన అంటారా, స్థిరాస్తి దగ్గర 'లేదు', నివాసం దగ్గర 'అద్దె ఇల్లు'. ఏటా అంతే. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణలో దాన్నే చూపించేవారు. మనిషి నిప్పు అనేవారు. ఆ పేరే అతుక్కుపోయింది.

"ఎక్కడికి పోతామండీ?" అంది భార్య.

మోకాళ్ల నొప్పులతో ఆమె వాకిట్లోకి రావడమే గగనం. ఆయనకొచ్చే పింఛనుకు ఇంతటి ఇల్లు ఇంకెక్కడా దొరకదు. ఆమె వంటింట్లోకి వెళ్లి అలమరలు తడుముతూ నిలబడింది. పొట్టి మనిషి. ఆ అలమరలు సరిగ్గా ఆమె చేతికందే ఎత్తులో ఉంటాయి. అద్దె ఇల్లు ఇంత చక్కగా అమరడం మీ అదృష్టం అనేవారు వచ్చినవాళ్లు.

పాత యజమాని ఉన్నన్నాళ్లూ ఏ బెంగా లేదు. అతను ఖాళీ చేయమన్న పాపాన పోలేదు. తను మాత్రం ఊరి చివర రేకుల ఇంట్లో కాపురముండేవాడు. పిసినారి అనుకునేవారు వీధివాళ్లు. ఎప్పుడైనా ఇటొచ్చినా నిప్పుసారు ముందు కూర్చునేవాడు కాదు. నిజాయితీకి ఉన్న విలువ అదీ అని వాళ్లే చెప్పుకునేవారు. కిందటేడు అతను పోయినప్పుడు నిప్పుసారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సంగతి తెలిసి పక్కింటి లాయరు తనే పరిగెత్తుకొచ్చాడు. ఫీజు మాటెత్తవద్దన్నాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నవాళ్లను రాత్రికి రాత్రి వెళ్లగొట్టడం ఎవరి తరమూ కాదన్నాడు. పాత యజమానితో కుదిరిన ఒప్పందమేమిటో జడ్జి ముందు చెబితే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు.

"ఇంతకీ అప్పట్లో ఏమనుకున్నారు సార్, మీరిద్దరూ?"

నిప్పుసారు కేసు వద్దన్నాడు. లాయరు వదలకపోతే చేతులు జోడించాడు. ఎందరినో కోర్టుకీడ్చిన మనిషి తన కోసం మాత్రం గడప తొక్కనంటున్నాడని లాయరు కళ్లొత్తుకుంటూ వీధంతా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే నిప్పుసారు ఆ రేకుల ఇంటికి వెళ్లాడు. కుర్రాడు ఉన్న ఒక్క కుర్చీనీ తుడిచి వేశాడు. ఇల్లు అమ్మి మోటారు సైకిళ్ల రిపేరు షాపు పెట్టుకుంటాడట. బేరం కూడా కుదిరిందట.

"ఆ ఇంటి గురించి మీ నాన్న నీతో ఏమైనా చెప్పాడా బాబూ?"

"ఏముందండీ చెప్పడానికి? రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్నాడు. ఒక్క పూటైనా అందులో సుఖపడలేదు. నాకైనా అక్కరకు రావాలి కదా."

నిప్పుసారు తలవంచుకున్నాడు.

"మీ గురించి మాత్రం చెప్పేవాడండీ," అన్నాడు కుర్రాడు. "సారుకిచ్చిన మాట నిలబెట్టుకున్నానురా అనేవాడు, మంచాన పడ్డాక కూడా. ఏం మాటో అడిగితే నవ్వి ఊరుకునేవాడు. మీకేమైనా తెలుసా?"

నిప్పుసారు నోరు తెరిచాడు. కుర్రాడు నిజంగానే తెలుసుకుందామని చూస్తున్నాడు. మంచినీళ్లు అడిగి తాగి లేచాడు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఆయనకు బతుకు మీదే విరక్తి పుట్టింది.

నెలాఖరున వీధివాళ్లంతా వచ్చి సామాను సర్దారు. పత్రికవాళ్లూ వచ్చి, అందరి ఆస్తులూ లెక్కగట్టిన అధికారికి తలదాచుకునే నీడ లేదని రాసుకుని, గేటు దగ్గర ఫొటో తీశారు. భార్య అలమర తలుపు మూసి, దాని మీద కాసేపు చెయ్యి ఉంచి, బయటికి వచ్చింది.

పాతికేళ్ల కిందట, ఎక్కడిదో చెప్పుకోలేని డబ్బుతో ఆ ఇల్లు కట్టించి, చుట్టాల పేర పెట్టే దారిని తన రూలుతో తనే మూసేసుకోవడం వల్ల ఆ కుర్రాడి తండ్రి, అప్పట్లో తన కారు డ్రైవరుగా ఉన్నవాడి పేర రాయించి, ప్రాణం పోయినా ఈ సంగతి కన్నకొడుక్కి కూడా చెప్పనని అతని చేత ఒట్టు వేయించుకున్నది నిప్పుసారే.