చెంప మీద వేలిముద్ర

"నా నాణేల పెట్టె ఎవరు తెరిచారు?"

ఆ కేకకి కూతురు వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"తాళంచెవి నీ జేబులో పెట్టుకుని నన్నడిగితే ఎలా నాన్నా?"

ఆయన నూలు చేతితొడుగులతో, అంచులు మాత్రమే పట్టుకుని నాణేన్ని ఎత్తి చూపించాడు. మూడున్నర శతాబ్దాల నాటి వెండి. ఐరోపాలో ఊరంత రాజ్యాన్ని ఏలిన ఒక ప్రభువు బొమ్మ. ఆ ప్రభువు చెంప మీద, ఇప్పుడే ఎవరో నొక్కి వెళ్లినట్టు, నల్లటి వేలిముద్ర.

"పోయినేడు చూసినప్పుడు ఇది లేదు."

కూతురు భూతద్దం అందుకుంది.

"మధ్యలో అడ్డంగా గీత ఉంది చూడు. కూరలు తరుగుతుంటే తెగిన గాటు. ఇది అమ్మ బొటనవేలు."

"పిచ్చిమాటలు మాట్లాడకు. అమ్మ పోయి ఆరేళ్లు."

"చెమట వెండికి పడితే మరక తేలడానికి ఏళ్లు పడుతుందని నువ్వేగా చెప్పేవాడివి? ఆ రోజు అమ్మ దీన్ని ముట్టుకుందని ఇల్లు పీకి పందిరేశావు. చేతిలోంచి లాక్కుని పైపైన తుడిచేశావు. మళ్లీ ఈ గదిలో అడుగు పెట్టిందా అమ్మ?"

కూతురు గొంతు తగ్గించింది.

"వెండి శుభ్రం చేసే మందులో ముంచితే పోతుందిగా. ముంచనా?"

"వద్దు."

ఆయన పెట్టెలోని అరలన్నీ ఒక్కొక్కటే తీసి ఆమె ముందు పరిచాడు.

"నా కళ్లకి ఆనడం లేదు. అన్నీ చూడమ్మా. నాకు తెలియకుండా ఎప్పుడైనా... ఇంకోదాన్ని ముట్టుకుందేమో."