రాయి మోత

నిరోష కంటికి కట్టు కట్టి ఉంది. ఆ కట్టుకు కారణం తనేనని సిద్ధయ్యకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. అదే ఆయన్ని నాలుగు రోజులుగా తినేస్తోంది. అన్నం సయించడం లేదు.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బస్సులో ఒకటే వల్లె వేసుకుంటూ వచ్చాడు, ఆమెతో ఏం చెప్పాలో. తీరా గడప దాటాక బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టాడు.

“ఇంత ఎండలో ఎందుకొచ్చినావు మామా? ఫోన్ చేస్తే సరిపోయేది గదా,” అంది నిరోష.

“ఫోన్‌లో ఏం మాట్లాడేది పాపా. మనిషిని చూడాల గదా.”

కుర్చీ బాగా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కట్టు వైపు చూసే ధైర్యం లేదు. ఆమె పెదాల వైపే చూస్తూ ఉండిపోయాడు.

సిద్ధయ్యకు ఆత్మకూరు బస్టాండు వెనక గ్రైండింగ్ రాళ్ల కొట్టు ఉంది. మిషనుకు బిగిస్తే గిర్రున తిరిగి పదును పెట్టే బిళ్లలవి. పక్కనే వెల్డింగ్ షెడ్డు. అక్కడ బేరమాడాలంటే ఎవరైనా సరే గొంతు చించుకోవాల్సిందే. ఉలికి తెల్లరాయి, గ్రానైటుకు పచ్చరాయి, చెక్కకు నంబర్ల వారీగా గరుకు కాగితం. ముప్పై ఏళ్లు తనే గ్రైండర్ పట్టి, ఆ తర్వాత కొట్టు పెట్టిన మనిషి. ఆ వ్యాపారం ఆయనకు కొట్టిన పిండి.

ఊరికే అమ్మి ఊరుకోడు. రాయి మీద అచ్చేసిన స్పీడు కొనేవాడి చేతే చదివిస్తాడు. వాళ్ల మిషను అంతకంటే జోరుగా తిరిగేదయితే డబ్బు చూపించినా రాయి ఇవ్వడు. “కళ్లకు అద్దాలుండాయా? ముక్కుకు గుడ్డ కడతావా? కొత్త రాయి బిగించినాక నిమిషం సేపు పక్కకు నిలబడాల, తెలుసునా?” అంటూ ప్రాణం తోడేస్తాడు.

వీటన్నిటికంటే పేరు తెచ్చింది ఆయన చెవి. నడిమి బెజ్జంలో వేలు దూర్చి రాయిని వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో ఒక్కటి కొడతాడు. మంచి రాయయితే గంటలా మోగుతుంది. కంటికి ఆనని చీలిక ఉన్నా చాలు, మోత చచ్చిపోతుంది. కొన్నాళ్లుగా ఆయన ఆ రాయిని కొనేవాడి చెవి దగ్గరే పట్టి కొడుతున్నాడు. “నువ్వూ విను,” అంటాడు. గిరాకీకి ఇంత మర్యాద ఇంకెవరిస్తారని జనం మురిసిపోయారు. వింజమూరు వాళ్లు కూడా పనిగట్టుకుని ఆయన కొట్టుకే వస్తారు.

పోయిన వారం నెల్లూరు నుంచి వచ్చిన పెట్టె ఆటోలోంచి దించుతుంటే జారి నేల మీద పడింది. నిరోషకు ఆ పెట్టెలోంచే రెండు తెల్లరాళ్లు తీశాడు. చెక్క చెంచాలు చెక్కే ఉలులకు పదును పెట్టుకోవడానికి. ఆమె చెవి దగ్గర కూడా పట్టి కొట్టాడు. ఆమె తలూపింది. పొట్లం కట్టి ఇచ్చాడు.

మర్నాడు మిషను వేయగానే అందులో ఒక రాయి ముక్కలైంది. చూపు మిగిలింది గానీ రెప్ప మీదా, చెంప మీదా కుట్లు పడ్డాయి.

“నువ్వు అంటగట్టిన అద్దాలే కాపాడినాయి మామా. లేకుంటే కన్ను పొయ్యేది,” అంది నిరోష.

సిద్ధయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. అంతలోనే మళ్లీ ఎత్తాడు. ఆమె తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడే రాజమోహన్ లోపలికి వచ్చాడు. నిరోష పనిచేసే చెంచాల షెడ్డు ఆయనదే. మనిషి మంచివాడే. గొంతు మాత్రం మైకు.

“చూడు నిరోషా, నయమైనాక పనిలోకి రా. ప్యాకింగ్‌లో కూర్చో. ఉలి మాత్రం ఇంక నీకియ్యను. కొత్త రాయికి ఎదురుగా నిలబడొద్దని ఈ పెద్దాయన చిలక్కి చెప్పినట్టు చెప్పినాడంట గదా. పెడచెవిన పెట్టినావు.”

నిరోష మొహం మాడిపోయింది. చెంచా పిడి మీద పువ్వులు తీయాలంటే ఆ షెడ్డులో ఆమె తర్వాతే ఎవరైనా. ప్యాకింగ్ అంటే రోజంతా అట్టపెట్టెలకు టేపు అంటించడం.

“పక్కనే నిలబడినాను సార్. ముక్క గోడకు తగిలి నా మీదికి వచ్చినాది.”

“అయితే రాయిది తప్పంటావా? సిద్ధయ్య మోగించి ఇచ్చిన రాయి! ఆత్మకూరులో పోయి చెప్పు ఈ మాట, నవ్విపోతారు.”

సిద్ధయ్యకు చెమటలు పట్టాయి. తను ఒక్క మాట చెబితే ఆ పిల్ల ఉలి ఆ పిల్లకు దక్కుతుంది. అదే మాటతో తన పేరూ, కొట్టూ గంగలో కలుస్తాయి. బత్తాయిల సంచిని మంచం కిందికి ఇంకాస్త జరిపాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నిరోష ఆయన వైపు తిరిగింది.

“మామా, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజు నా చెవి కాడ కొట్టినావే, మొదటి రాయి ఖంగుమన్నాది. రెండోది పగిలిన కుండ మాదిరి దబ్బుమన్నాది. నీకు తెలియకుండా ఉంటాదా, బాగుంటేనే గదా ఇస్తావు అని నేను ఊరికే తలూపినాను. నీకు వేరేగా వినపడినాదా?”

రాజమోహన్ మొహం మారిపోయింది. “ఏంది పెద్దాయనా! తెలిసి తెలిసి పగిలిన రాయి అమ్మినావా?”

సిద్ధయ్య లేచి నిలబడ్డాడు.

“ఉలి ఈ పాపకే ఇయ్యి నాయనా, మూడేండ్లుగా ఏ రాయి మోగినా నాకు వినపడదు, కొనేవాళ్ల మొహం చూసి అమ్ముతున్నాను.”